ఖుక్రీ ఎందుకు తప్పించుకోలేకపోయింది?

ప్రశ్న: 1971 యుద్ధంలో మునిగిన ఐఎన్ఎస్ ఖుక్రీ జలాంతర్గాములను వేటాడే ఫ్రిగేట్ రకం యుద్ధనౌకే కదా! అది జలాంతర్గామికే ఎలా చిక్కింది?

జవాబు: సోనార్ అంటే నీటిలోకి ధ్వనిని పంపి వస్తువుల జాడ తీసే పరికరం. అది పంపిన ధ్వని జలాంతర్గామిని తాకి, మళ్లీ వెనక్కి రావాలి. అప్పుడే ఓడకు దాని ఆచూకీ తెలుస్తుంది. నీటి అడుగున పొంచి ఉన్నవాడికి ఆ ధ్వని ఒకవైపు చేరితే చాలు, ఓడ ఏ దిక్కున ఉందో పసిగట్టేస్తాడు. పైనీళ్లు వెచ్చగా, కిందినీళ్లు చల్లగా ఉంటే ధ్వని కిందికి వంగి, సోనార్‌కు అందని చోట్లు ఏర్పడతాయి. జలాంతర్గామి దాక్కునేది అక్కడే.

జలాంతర్గాముల మీదికి పేలుడు గుండ్లు విసిరే ఖుక్రీలోని లింబో మోర్టార్లు సుమారు 900 మీటర్లకు మించి అందవు. పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ఫ్రెంచి డాఫ్నే తరగతిది. దాని టార్పెడోలు (నీటిలో దూసుకొచ్చి పేలే ఆయుధాలు) కిలోమీటర్ల దూరం నుంచి ఓడ చప్పుడును వెతుక్కుంటూ వస్తాయి. మా దృష్టిలో అసలు కారణం ఈ తేడాయే. దానికితోడు, కొత్తగా మెరుగుపరిచిన సోనార్‌ను పరీక్షించడానికి ఖుక్రీ వేగాన్ని సుమారు 12 నాట్లకు (గంటకు దాదాపు 22 కి.మీ.) తగ్గించారు. వేగం తగ్గితే సొంత ఓడ రొద తగ్గి సోనార్‌కు బాగా వినపడుతుంది. కానీ శత్రువుకు గురి కూడా సులువవుతుంది.

డిసెంబరు 9 రాత్రి, డయ్యూ తీరానికి దూరంగా, హంగోర్ మొదట ఖుక్రీకి తోడున్న మరో ఫ్రిగేట్ కిర్పాన్ మీద వదిలిన టార్పెడో పేలలేదు. రెండోది ఖుక్రీని బలిగొంది.

ప్రశ్న: అంతమంది ఎందుకు చనిపోయారు?

జవాబు: ఓడ కొద్ది నిమిషాల్లోనే మునిగిపోయింది. చీకట్లో, ఒరిగిపోతున్న ఓడ లోపలి అంతస్తుల్లోంచి నిచ్చెనలెక్కి పైకి రావడానికి ఆ వ్యవధి చాలదు. 18 మంది అధికారులు, 176 మంది నావికులు అమరులయ్యారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలలేదు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ప్రకటించారు. తోడున్న కిర్పాన్ మీదా టార్పెడో రావడంతో అది వెంటనే ఆగి సాయం చేయలేకపోయింది. ప్రాణాలతో బయటపడింది 67 మంది.

ప్రశ్న: డయ్యూలో చూపిస్తున్నది ఆ ఓడేనా?

జవాబు: కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. అక్కడున్నది 1989లో నౌకాదళంలో చేరి, 2021 డిసెంబరులో విరమించిన అదే పేరుగల కార్వెట్ (చిన్న యుద్ధనౌక). 1971 నాటి ఖుక్రీని పైకి తీయలేదు. మునిగినా యుద్ధనౌక ఆ దేశానిదే, అనుమతి లేకుండా ఎవరూ ముట్టుకోరాదు. 194 మందికి అదే సమాధి.