డిప్రెషన్‌లో తగ్గిన జ్ఞాపకశక్తి మళ్లీ వస్తుందా: నా అనుభవం

మీ అమ్మగారికి యాభై ఆరేళ్లని, డిప్రెషన్‌కు ఆరు నెలలుగా మందులు వాడుతున్నారని, పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతున్నారని, నిన్న చెప్పిన మాట ఇవాళ గుర్తుండటం లేదని రాశారు. ఇది అల్జీమర్స్‌కు మొదలా, జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. 2019 చివర్లో నాకు బైపోలార్ జబ్బు మొదలైంది, అంటే కొన్నాళ్లు డిప్రెషన్, కొన్నాళ్లు మేనియా అనే అతి ఉద్రేకం వచ్చే జబ్బు. మొదట డిప్రెషన్ రూపంలోనే వచ్చింది. అప్పుడు నేనూ ఇదే ప్రశ్నతో చాలా రాత్రులు నిద్ర లేకుండా గడిపాను.

మా పనికి జ్ఞాపకమే పెట్టుబడి. మిర్చి సీజన్లో పొద్దున జెండా పాట, అంటే వేలంలో ఆ రోజు పై ధర, ఎంత పలికింది, ఏ రైతు సరుకు ఎవరు కొన్నారు, కాంటాలో తూకం ఎంత వచ్చింది, ఇవన్నీ రైతుకిచ్చే లెక్క చీటీ, తక్‌పట్టీ, రాసేదాకా నా నోటి మీదే ఉండేవి. ఆ చలికాలంలో పరకాల వైపు రైతు ఒకాయన తన ముప్పై ఎనిమిది బస్తాల కాంటా అయిపోయిందా అని అడిగాడు. కాంటా దగ్గర అంతసేపూ నిలబడింది నేనే. అయినా జవాబు చెప్పలేకపోయాను. తూకం వేసే దడ్వాయి తన చీటీ చూసి చెప్పాడు. నా మెదడు పాడైపోతోందని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

డాక్టరుగారు నన్ను ఒక ప్రశ్న అడిగారు: 'ఆ కాంటా జరుగుతున్నప్పుడు మీ మనసు ఎక్కడుంది?' నా మనసంతా ఒకే ఆలోచన చుట్టూ తిరుగుతోంది. నేను పనికిరానివాడిని, ఇంటికి భారం అయ్యాను అని. చూపు కాంటా మీదే ఉంది కానీ ఆ అంకె లోపలికి చేరలేదు. పుస్తకంలోకి ఎక్కించని పద్దు తర్వాత ఎంత వెతికినా దొరకదు కదా. డిప్రెషన్లో మరపు చాలావరకు ఇలాంటిదే. పైగా పగలు చూసినవి, విన్నవి గట్టిపడేది నిద్రలో. నాకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. దీర్ఘకాలం సాగే ఒత్తిడిలో శరీరంలో కార్టిసాల్ పెరుగుతుంది, కొత్త జ్ఞాపకాలను కూర్చే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం మీద దాని ప్రభావం పడుతుంది. అందుకే అమ్మగారిని 'నిన్న చెప్పాను కదా, గుర్తులేదా?' అని అడగవద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను. మా ఇంట్లో అందరూ ప్రేమతోనే అడిగేవారు. నాకు మాత్రం ప్రతిసారీ పరీక్ష తప్పినట్టే ఉండేది.

మీరు రాయని విషయం ఒకటి ఉంది, అది మీ ఇంట్లోనూ జరుగుతూ ఉండవచ్చు. మనిషి దిగులుగా ఉన్నప్పుడు గతంలోంచి దిగులు విషయాలే ముందు పైకి వస్తాయి. గోర్డన్ బోవర్ అనే అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1981లో దీని గురించి రాశారు. 1986లో ఇంగ్లండులో మార్క్ విలియమ్స్, కీత్ బ్రాడ్‌బెంట్ మరో సంగతి గమనించారు. ఆత్మహత్యకు ప్రయత్నించి బయటపడినవారిని ఫలానా అనుభవం ఒకటి చెప్పమంటే, ఒక రోజును, ఒక సంఘటనను పట్టుకోలేక మొత్తంగా చెప్పేస్తున్నారు. నేనూ అంతే. సంతోషంగా గడిపిన రోజు ఒకటి చెప్పమని నా భార్య అడిగితే, 'ఎప్పుడూ కష్టాలే' అన్నాను. ఆమె ఎంత నొచ్చుకుందో నాకు తర్వాత తెలిసింది. మీ అమ్మగారు 'నన్ను ఎవరూ ఎప్పుడూ పట్టించుకోలేదు' అంటే వాదించకండి, మనసులో పెట్టుకోకండి. ఒక పాత ఫోటో చేతిలో పెట్టి, ఆ రోజు ఏం వండారో, ఎవరెవరు వచ్చారో మీరే చెప్పండి. నాకు అది పనిచేసింది.

అల్జీమర్స్ సంగతికి వస్తాను. డిప్రెషన్‌లో ఉన్నవారు తమ మరపు గురించి తామే బాధపడతారు, అడిగితే 'నాకు తెలియదు' అంటారు. అల్జీమర్స్‌లో తరచుగా మనిషికి తన మరపు తెలియదు, ఇంట్లోవాళ్లే ముందు గమనిస్తారు. డిప్రెషన్ వల్ల మతిమరుపు వ్యాధిలా కనిపించే స్థితికి వైద్యంలో చాలాకాలంగా ఒక పేరుంది, సూడోడిమెన్షియా, అంటే మిథ్యా మతిమరుపు అని అర్థం. అయితే ఈ గుర్తులను నమ్ముకుని మీరే తీర్పు చెప్పకండి. వయసు పైబడ్డాక మొదటిసారి వచ్చే డిప్రెషన్ కొందరిలో అసలు మతిమరుపు వ్యాధికి ముందు మెట్టు కూడా కావచ్చు. జ్ఞాపకశక్తి పరీక్ష ఇప్పుడు ఒకసారి, దిగులు తగ్గాక మరోసారి చేయించమని అడగండి.

రక్తపరీక్షలో థైరాయిడ్, బి12 తప్పకుండా చూపించండి. ఇది గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2021లో నాకు మేనియా వచ్చింది. ఆ మూడు వారాల్లో ఎవరెవరికి ఏం మాటిచ్చానో ఇప్పటికీ సగమే గుర్తు, మిగతాది నా భార్య చెబితే తెలిసింది. అప్పటి నుంచి ఈ జబ్బును అదుపులో ఉంచే లిథియం మందు వేసుకుంటున్నాను. మనసు కుదుటపడ్డాక 2022లో మళ్లీ మరపు, మందకొడితనం మొదలైతే జబ్బు తిరగబెట్టిందని భయపడ్డాను. పరీక్ష చేస్తే థైరాయిడ్ తగ్గిందని తేలింది. లిథియం వాడేవారిలో అది జరగవచ్చు. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టిన కొన్ని నెలలకు తేడా తెలిసింది. కొన్ని రకాల నిద్రమాత్రలు, కొన్ని పాతకాలపు డిప్రెషన్ మందులు కూడా మరపు తెస్తాయి. అందుకే ఆమె వాడుతున్న మందుల చీటీలన్నీ, బీపీవి, షుగరువి సహా, డాక్టరుకు చూపించండి. కానీ ఏ మందూ మీ అంతట మీరు ఆపవద్దు. లిథియం వాడేవారు ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

పాలు పెట్టినంతసేపూ ఆమెను పొయ్యి దగ్గరే కూర్చోమనండి, పక్కన మీరూ ఉంటే మరీ మంచిది. మాత్రలకు వారం రోజుల గళ్ల డబ్బా కొనండి. నేను ఇప్పటికీ జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకుంటాను. చీకటి ఆలోచనలు ఏమైనా నోట వస్తే ఆలస్యం చేయకండి. 14416 టెలీ మానస్ నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

తిరిగి వస్తుందా అన్నారు. నాకు గుర్తుపెట్టుకునే శక్తి వచ్చింది. దిగులు పోయిన వెంటనే రాలేదు, ఇంకో ఏడాది పట్టింది. ఇప్పుడు కాంటాలు నోటికి చెప్పగలను. ఆ నెలలు మాత్రం రాలేదు. 2020 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్లి, ఆరేళ్ల మా పాపను తూకంలో కూర్చోబెట్టి నిలువెత్తు బంగారం, అంటే తన బరువుకు సరిపడా బెల్లం, ఇచ్చామట. ఫోటోలో బెల్లం దిమ్మల పక్కన నేనే ఉన్నాను. నాలో ఆ రోజు లేదు. పద్దెనిమిది కిలోల బెల్లం అని పాపే చెప్పింది. 2024 జాతర మాత్రం నాదే. జంపన్న వాగులో నీళ్లు, గద్దెల దగ్గర తోపులాటలో పాప నా చొక్కా పట్టుకుని వదలకపోవడం, తిరుగు బస్సులో నా భుజం మీద నిద్రపోవడం, అన్నీ ఉన్నాయి.