అభయారణ్యంలో ఫీల్డ్ ఇంటర్న్‌గా చేరాలా? చేరండి, కానీ ముందు పేర్లు నేర్చుకోండి

ఎమ్మెస్సీ జువాలజీ అయిపోయింది, ఒక అభయారణ్యంలో వన్యప్రాణులు, చేపల సర్వేకి ఫీల్డ్ ఇంటర్న్‌లను తీసుకుంటున్నారు, చేరితే లాభమా, రోజూ ఏం చేయిస్తారు, డబ్బు ఎంతిస్తారు అని అడిగారు. చేరండి. నేను కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లో ఐదు నెలలు చేశాను. రెండేళ్ళ ఎమ్మెస్సీలో నేర్చుకోనిది ఆ ఐదు నెలల్లో నేర్చుకున్నాను.

అయితే చేరేముందు మీకు ఒక విషయం చెప్పాలి. నిజానికి అది చెప్పాలనే ఈ జవాబు రాస్తున్నాను. అక్కడి జనం ఏ చేపని, ఏ పీతని, ఏ చెట్టుని ఏ పేరుతో పిలుస్తారో తెలియకుండా మీరు నింపిన ఫారాలు ఎందుకూ పనికిరావు. ఫీల్డ్ డేటాలో జరిగే తప్పుల్లో సగానికి పైగా పేర్ల దగ్గరే జరుగుతాయని నా గట్టి నమ్మకం.

మా పని ఇలా ఉండేది. మిగతా ఉద్యోగాల్లా పదింటికి వెళ్ళి ఐదింటికి రావడం కుదరదు, అంతా పోటూ ఆటూ చూసుకునే. అమావాస్య, పున్నమి దగ్గర నీళ్ళు బాగా ఎక్కి బాగా దిగుతాయి. అష్టమి, నవమి రోజుల్లో పెద్దగా కదలవు. పోటు తెల్లారుజామున నాలుగింటికి ఉంటే మూడున్నరకల్లా రేవులో ఉండాలి. కోరంగి, గాడేరు పాయల్లోకి నాటు పడవలో వెళ్ళి, వేటగాళ్ళకి పడిన చేపలు, రొయ్యలు, పీతలు కొలిచి, తూచి, ఫారంలో రాయాలి. వారంలో రెండు రోజులు, చేపలు పట్టి తినే బావురు పిల్లి కోసం పెట్టిన కెమెరాల్లో కార్డులు మార్చాలి. ఆ పిల్లిని నేను కంటితో చూసింది ఒక్కసారే. ఊరికి వచ్చినప్పుడల్లా చుట్టాలు "పులిని చూశావా" అని అడిగేవారు. 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి, నీటికుక్కలు, చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చే పక్షులు. ఇవేవీ వాళ్ళకి పట్టవు, పులి ఒక్కటే కావాలి. 1978లోనే అభయారణ్యంగా ప్రకటించిన అడవి గురించి కాకినాడలో పుట్టి పెరిగినవాళ్ళకే తెలియకపోవడం నాకు చాలా బాధ కలిగించింది.

నాకు పడవ నడిపిన ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. మొదటి రోజే ఒక చెట్టు కొమ్మ పక్కకి తొయ్యబోతే చెయ్యి పట్టి ఆపారు. అది తిల్ల చెట్టు. విరిస్తే పాలు కారతాయి, అవి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మా శిక్షణలో ఆ చెట్టు లాటిన్ పేరు స్లైడ్ మీద చూపించారు, పాల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మూడో వారం చివర్లో పీతలు కొలుస్తున్నాను. వేటగాళ్ళు ఎర కట్టిన చిన్న గుండ్రటి వలలతో పట్టి తెస్తారు, ఒడ్డున ఆడవాళ్ళు వాటి డెక్కలు కదలకుండా తాడుతో కడతారు. కట్టాక నాకిస్తే డిప్ప వెడల్పు కొలిచి, తూచి, ఆడదో మగదో రాస్తాను. మగదానికి పొట్ట కింద మడత సన్నగా ఉంటుంది, ఎదిగిన ఆడదానికి వెడల్పుగా గుండ్రంగా ఉంటుంది. ఫారంలో మండ పీతకి ఒకటే గడి, పైన దాని లాటిన్ పేరు స్కిల్లా సెర్రేటా అని అచ్చయి ఉంది. బాబాయ్ భార్య పక్కనే కూర్చుని తాడు కడుతూ నేను రాసేది చూస్తోంది. ఆవిడకి చదువు రాదు, కానీ గడులు చూస్తే తెలుస్తుంది కదా.

"అన్నీ ఒక గడిలోనే రాసేత్తన్నావేంటమ్మా?" అంది.

"అన్నీ మండ పీతలే కదా పిన్నీ."

"మండ పీతలే. అయితే మాత్రం? ఇది పచ్చది, అది ఎర్ర డెక్కది. రెండూ ఒకటెలా అవుతాయి? ఎర్రది ఎంత మేపినా పచ్చదానంత అవ్వదు."

రెండు పీతల్ని పక్కపక్కన పెట్టి చూపించింది. పచ్చదానికి కాళ్ళ మీద, డెక్కల మీద తేనెపట్టు గళ్ళలాంటి గీతలున్నాయి. డెక్కకి మణికట్టులా ఉండే కణుపు మీద బయటివైపు రెండు పదునైన ముళ్ళున్నాయి. ఎర్రదానికి ఆ గీతలు లేవు, ముల్లు కూడా ఒకటే, అదీ మొద్దుగా ఉంది. పిన్ని బురదంటిన వేలితో ఆ ముళ్ళని తాకి చూపిస్తుంటే నాకు గుండె జారిపోయింది. అప్పటికి మూడు వారాల్లో 190 పీతలు కొలిచాను. అన్నీ ఒకే గడిలో ఉన్నాయి.

ఆ రాత్రి గదికి వెళ్ళి చదివితే తెలిసింది. 1998లో శాస్త్రవేత్తలు ఈ స్కిల్లా పీతల్ని మళ్ళీ మొదటి నుంచి పరిశీలించి, ఒకటి కాదు నాలుగు జాతులని తేల్చారు. మన దేశంలో ప్రధానంగా దొరికేవి రెండు. పెద్దగా ఎదిగే పచ్చది స్కిల్లా సెర్రేటా, చిన్నగా ఉండే ఎర్ర డెక్కలది స్కిల్లా ఒలివేసియా. అంతకుముందు మన దగ్గర వచ్చిన ఎన్నో వ్యాసాల్లో పేర్లు తారుమారై ఉన్నాయి. చిన్న ఎర్రదాన్ని సెర్రేటా అని, పెద్ద పచ్చదాన్ని ట్రాంక్వెబారికా అని రాసుకొచ్చారు. పండితులు ఇంతకాలం తికమకపడిన రెండు పీతల్ని పిన్ని తాడు కడుతూ కడుతూ విడదీసి బుట్టల్లో వేస్తోంది.

ఇది పేరు గొడవే కదా అనుకోకండి. రెండిటినీ కలిపి సగటు వెడల్పు తీస్తే ఏమవుతుంది? ఒక నెలలో ఎర్రవి ఎక్కువ పడితే సగటు తగ్గుతుంది. "కోరంగిలో పీతలు చిన్నవైపోతున్నాయి, వేట ఎక్కువైంది" అని ఎవరో రిపోర్టు రాస్తారు. దాన్ని పట్టుకుని రేపు వేట మీద ఆంక్షలు పెడితే నష్టపోయేది పిన్నీ బాబాయీ. ఇంటర్న్ నింపిన ఒక గడి అంత దూరం వెళ్తుంది. అందుకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాత 190లో ముళ్ళు కనిపించేలా ఫోటోలున్నవి 64 మాత్రమే. వాటిని విడదీయగలిగాను, మిగతావి ఏవి ఏవో ఇక ఎప్పటికీ తెలియదు. మర్నాటి నుంచి ఫారంలో స్కేలుతో గీత గీసి రెండు గడులు చేసుకున్నాను. మా సంస్థలో పైవాళ్ళకి ఫోన్ చేసి చెప్తే "ఫార్మాట్ మార్చొద్దు, సాఫ్ట్‌వేర్‌లో ఒక్క కాలమ్ మాత్రమే ఉంది" అన్నారు. నేను రెండు గడులూ రాసి, వాళ్ళకి మొత్తం కూడి పంపాను. విడి లెక్క నా నోట్‌బుక్కులో ఇప్పటికీ ఉంది. తర్వాత ఎన్నిసార్లు మెయిల్ పెట్టినా సమాధానం లేదు. సాఫ్ట్‌వేర్ కోసం పీతల్ని కలిపేయడం ఏమిటో నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

గోదావరి జనానికి పేర్ల విషయంలో ఎంత చూపుందో పులస ఒక్కటి చాలు. సముద్రంలో ఉన్నప్పుడు విలస, వరద నీటికి ఎదురెక్కి గోదావరిలోకి వస్తే పులస. జాతి ఒక్కటే, కానీ అది ఎక్కడుందో, ఏ దశలో ఉందో పేరులోనే ఉంది. ఫారంలో ఒక్క లాటిన్ పేరు రాస్తే అదంతా పోతుంది. లాటిన్ పేరు వద్దని నేను అనడం లేదు, దాని పక్కన ఇంకో గడి పెట్టి ఊళ్ళో పేరు తెలుగులో రాయమంటున్నాను. ఒక గడికి ఎంత ఖర్చవుతుంది?

ఇంకో సంగతి, మొదట్లో మీతో ఎవరూ మాట్లాడరు. మిమ్మల్ని అటవీ శాఖ మనిషనుకుంటారు, ఏం చెప్తే ఏం కేసు పెడతారోనని భయపడతారు. వాళ్ళ తప్పు కాదు. ఫారం బ్యాగులో పెట్టేసి, వల చిక్కు తీయడంలో సాయం చేస్తూ ఒక వారం కూర్చోండి. పిన్ని నాకు పీతల సంగతి చెప్పింది మూడో వారంలో, మొదటి రోజున కాదు.

అనుమతి కాగితం కాపీ మీ దగ్గరే ఉంచుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద, అధ్యయనానికి అభయారణ్యంలోకి వెళ్ళాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. మా వాళ్ళు కాపీ ఇవ్వకుండా పంపేస్తే చెక్‌పోస్టు దగ్గర రెండు గంటలు నిలబడ్డాను, ఆ రోజు పోటు పోయింది. అమ్మాయిలైతే బాత్రూం ఏర్పాటు ఏమిటో మొహమాటపడకుండా ముందే అడగండి. ఆరేడు గంటలు పడవలో ఉండాలని నీళ్ళు తాగడం మానేసి నేను జ్వరం తెచ్చుకున్నాను. ఇది ఏ ప్రకటనలోనూ రాయరు.

ఇక డబ్బు. నాకు నెలకి 8,000 ఇచ్చారు, మొదటి రెండు నెలలదీ నాలుగో నెలలో వచ్చింది. గది అద్దె, తిండి పోగా ఇంటి నుంచి తెచ్చుకోక తప్పలేదు. పడవ కిరాయి ఎవరు కడతారో ముందు తేల్చుకోలేదు, ఆ రెండు నెలలూ బాబాయ్‌కి బాకీ పడ్డాను. ఆయన ఒక్క రోజు కూడా పడవ ఆపలేదు, కానీ ఆయనకి డీజిల్ ఊరికే రాదు కదా. కిరాయి ఎవరిదో, ఏ తారీఖున ఇస్తారో రాతపూర్వకంగా తీసుకున్నాకే చేరండి.