హై రిస్క్ అని రాస్తే మందు తగ్గించమని అడగవచ్చా?

విజయనగరం నుంచి ఒక తల్లి అడిగారు: తమ ఏడేళ్ల బాబుకూ, పక్క మంచంలోని పాపకూ ఒకే రకం బ్లడ్ క్యాన్సర్, ఏఎల్ఎల్, అయినప్పుడు బాబుకు మాత్రమే హై రిస్క్ అని రాసి కీమో ఎందుకు పెంచారు, తగ్గించమని డాక్టరును అడగవచ్చా అని. దయచేసి అలా అడగవద్దమ్మా.

మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. మా చెల్లెలి కూతురికి విశాఖపట్నంలో ఇదే జబ్బుకు వైద్యం చేయించాం కనుక, అక్కడ మాకు తెలిసినది రాస్తున్నాను.

మామూలు మోతాదుతో జబ్బు తిరగబెట్టే అవకాశం ఎంత ఉందో అంచనా వేసి, అందుకు తగ్గ వైద్యం ఎంచుకోవడానికే పిల్లలను ఇలా విడదీస్తారు. బీ రకం ఏఎల్ఎల్‌లో ఏడాది నిండి పదేళ్ల లోపు వయసు, మైక్రోలీటరు రక్తంలో 50,000 కంటే తక్కువ తెల్లకణాలు ఉంటే సాధారణంగా స్టాండర్డ్ రిస్క్‌గా మొదలుపెడతారు. వెన్ను నీటి పరీక్ష, జన్యు పరీక్షలు వచ్చాక అది మారవచ్చు. క్యాన్సర్ కణాలలో ఫిలడెల్ఫియా క్రోమోజోము అనే జన్యు మార్పు కనిపిస్తే కీమోకు తోడు ఇమాటినిబ్ వంటి మాత్ర కూడా ఇస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైనది మొదటి విడత కీమో అయ్యాక వచ్చే ఎమ్మార్డీ రిపోర్టు, అంటే ఇంకా మిగిలిన క్యాన్సర్ కణాలను వెతికే పరీక్ష ఫలితం. మైక్రోస్కోపులో ఎముక మజ్జ శుభ్రంగా కనిపించినా, పదివేల కణాలలో ఒక్క క్యాన్సర్ కణం, అంటే 0.01 శాతం, మిగిలి ఉన్నా ఆ పరీక్షలో బయటపడుతుంది. మా పాప ఫైలు మొదటి పేజీలో ‘స్టాండర్డ్’ అన్న మాట కొట్టేసి పక్కన ‘హై’ అని రాసింది ఆ రిపోర్టు వచ్చిన రోజే. మా చెల్లెలు వరండాలోనే కూలబడిపోయింది. మందుకు లొంగని కణాలున్నాయని ఇప్పుడే తెలియడం మేలని, తెలియక తరువాత తిరగబెడితే వైద్యం ఇంకా కష్టమయ్యేదని డాక్టరు గారు ఆమె పక్కన కూర్చుని నిదానంగా చెప్పారు. పాప ఇప్పుడు బడికి వెళుతోంది.

అలాగని అందరికీ గట్టి మందు ఇవ్వడం కూడా సరి కాదు. డానోరూబిసిన్ వంటి కీమో మందులు ఎక్కువైతే గుండెకు చేటు. తెల్లకణాలు పడిపోతే ఇన్ఫెక్షన్‌తోనే ప్రాణం మీదికి వస్తుంది. ఇంటి దగ్గర వేసే మెర్కాప్టోప్యూరిన్ మాత్రను సైతం ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉన్న పిల్లలకు బాగా తగ్గించవలసి వస్తుంది, ఆ తేడా ఆసియా వారిలో ఎక్కువ.

కాబట్టి బాబు ఏ కారణంతో హై రిస్క్‌లోకి వెళ్లాడో, ఎమ్మార్డీ ఎంత వచ్చిందో అడిగి, రిపోర్టు నకలు దగ్గర ఉంచుకోండి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రి అయినా సరే, పారాసెటమాల్ వేసి తెల్లవారే దాకా చూడకుండా, ఆసుపత్రికి ఫోన్ చేసి వెంటనే బయలుదేరండి.