పాఠం ముందు ఎవరికి?

ప్రశ్న: మాస్టారు గారూ, నేను ఉన్నత పాఠశాలలో సామాన్యశాస్త్రం చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలకు చూపిద్దామని మైదానంలో డ్రోన్ ఎగరేశాను. మూడు నిమిషాలైనా కాలేదు, పక్క మేడ మీద నుంచి ఒకావిడ కేకలు వేశారు. మర్నాడు ముగ్గురు తల్లిదండ్రులు వచ్చి ‘మా పిల్లల ఫొటోలు తీశారా?’ అని నిలదీశారు. డ్రోన్ల ఉపయోగాలు ఎన్ని చెప్పినా వినలేదు. ఈ అపోహలు పోవాలంటే ఏం చేయాలి? అవగాహన సదస్సు పెట్టమంటారా?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: పెట్టండమ్మా. కానీ ‘అపోహలు’ అన్న మాట మాత్రం బ్యానరు మీద రాయించకండి. ఆవిడ తలుపు తీసి మేడ మీదికి వచ్చేసరికి గాలిలో ఒక కెమెరా ఉంది. ఎవరిదో తెలియదు, ఎందుకో తెలియదు. నేనైనా కేక వేసేవాణ్ణే.

ముప్పై ఒక్క ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి, ఇప్పుడు డ్రోన్ ఎగరేయడం నేర్పుతున్నాను. మొదటి ఏడాది నేనూ మీలాగే ఉపయోగాల చిట్టా విప్పాను. రువాండాలో 2016 నుంచి ఆసుపత్రులకు డ్రోన్ల మీద రక్తం సంచులు వెళ్తున్నాయని నలభై నిమిషాలు ఊదరగొట్టాను. వెనక వరుసలో ఒక పెద్దాయన ఓపికగా అంతా విని లేచారు. ‘బాగుంది బాబూ, నిన్న మా ఇంటి మీద తిరిగింది కూడా రక్తమే మోస్తోందా?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి ఉపన్యాసం మానేశాను. వచ్చినవారిలో ఒకరిని మైదానం మధ్యలో నిలబెట్టి, రిమోట్ తెర మిగతావారి చేతికిస్తాను. డ్రోన్‌ను వంద మీటర్ల ఎత్తుకు లేపి ‘ఆయన ముఖం వెతకండి’ అంటాను. మామూలు డ్రోన్‌కు ఉండేది వెడల్పాటి దృశ్యం పట్టే లెన్సు. వంద మీటర్ల దూరం నుంచి దాదాపు నూటయాభై మీటర్ల వెడల్పు నేల కనిపిస్తుంది. 4కె వీడియోలో ఆ వెడల్పుకంతటికీ ఉండేవి 3,840 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు. లెక్క వేసి చూడండి, మనిషి ముఖం వెడల్పుకు వచ్చేవి నాలుగు! అందరూ నవ్వుతారు. తర్వాత పది మీటర్లకు దించుతాను. నాలుగు కాస్తా నలభై అవుతాయి, ఎరిగినవారు ఇట్టే గుర్తుపడతారు. నవ్వు ఆగిపోతుంది. జూమ్ లెన్సు ఉంటే దూరం నుంచైనా ముఖం దొరుకుతుందని కూడా అప్పుడే చెప్పేస్తాను. ఇది దాచిపెడితే ముందు చూపించిన నాలుగు పిక్సెళ్లను కూడా ఎవరూ నమ్మరు. వెళ్లేటప్పుడు కొందరికి డ్రోన్ మీద ఇష్టం పెరగకపోవచ్చు. కానీ ఇక మీదట ‘ఎంత ఎత్తులో ఎగరేస్తున్నారు, ఏ లెన్సు, వీడియో ఎక్కడ దాస్తారు’ అని అడుగుతారు. నాకు అది చాలు.

చప్పుడు సంగతి కూడా ఉంది. అంతే తీవ్రత ఉన్న వాహనాల మోతకంటే డ్రోన్ రొద ఎక్కువ చిరాకు పుట్టించిందని 2017లో నాసా పరిశోధకులు ప్రకటించిన ప్రయోగంలో తేలింది. కాబట్టి ‘మా చెవులు హోరెత్తుతున్నాయి’ అన్నవారిని పాతకాలం మనుషులని తీసిపారేయకండి.

నిజంగా తెలియక పుట్టే భయమూ లేకపోలేదు. 2024 చివర్లో అమెరికాలోని న్యూజెర్సీలో రాత్రిపూట వింత డ్రోన్లు తిరుగుతున్నాయని కలకలం రేగింది. ఐదు వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి, వాటిలో ఇంకా ఆరా తీయవలసినవి వందకు అటూ ఇటూగా తేలాయి. జనం చూసినవాటిలో సక్రమంగా ఎగురుతున్న డ్రోన్లతో పాటు మామూలు విమానాలు, హెలికాప్టర్లు, చివరికి నక్షత్రాలు కూడా ఉన్నాయి! మనవైపే వస్తున్న విమానం దీపం చాలాసేపు కదలనట్టే కనిపిస్తుంది. విమానం ఎడమ రెక్క చివర ఎరుపు, కుడి రెక్క చివర ఆకుపచ్చ దీపం ఉంటాయి. ఇవి మీ తొమ్మిదో తరగతికి ఒక సాయంత్రంలో నేర్పవచ్చు.

అయినా ముందు పాఠం పడవలసింది ఎగరేసేవారికి. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ కార్చిచ్చును చూద్దామని ఒకాయన డ్రోన్‌ను రెండున్నర కిలోమీటర్లు పంపాడు. అది కళ్లకు కనిపించకుండా పోయి, మంటలార్పే విమానం రెక్కకు తగిలి చిల్లు పెట్టింది. విమానం మరమ్మతుకు వెళ్లింది. అలాంటి వార్త ఒక్కటొస్తే మన సదస్సులన్నీ కొట్టుకుపోతాయి. ఐరోపాలో డ్రోన్ ఎగరేసేవారికి పెట్టే మొదటి స్థాయి పరీక్షకు నలభై ప్రశ్నలు ఇస్తారు, ముప్పై సరిగ్గా రాయాలి. ఇతరుల గోప్యత కూడా అందులో ఒక అంశం. పరీక్షలో రాసినంత సులువు కాదు, పొరుగింటికి వెళ్లి చెప్పడం.

మీరు ఆ పనే చేయండి. ఈసారి ఎగరేసేముందు ఆ మేడ ఆవిడ దగ్గరికి వెళ్లి రోజు, సమయం చెప్పండి. రిమోట్ తెర మొదట ఆవిడ చేతికే ఇవ్వండి. పిల్లల తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, ఎవరైనా వద్దంటే ఒప్పించబోకండి.

ప్రశ్న: ‘డ్రోన్’ అంటే జనం యుద్ధం అనుకుంటున్నారు. మా కరపత్రాల్లో ‘మానవరహిత విమానం’ అని రాస్తే భయం తగ్గుతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: ‘డ్రోన్’ అన్న పేరు పుట్టిందే సైన్యంలో. 1935 ప్రాంతంలో బ్రిటన్‌లో ఫిరంగి దళాలకు గురి నేర్పడానికి రేడియోతో నడిచే విమానం ఒకటి తయారుచేసి ‘క్వీన్ బీ’, అంటే రాణి ఈగ, అని పేరు పెట్టారు. దాన్నిబట్టే మగ తేనెటీగ పేరైన ‘డ్రోన్’ వాడుకలోకి వచ్చిందంటారు. ఇక ‘మానవరహితం’ అంటే భయం ఇంకాస్త పెరుగుతుందేమో! పైగా అది పూర్తి నిజమూ కాదు, కింద ఒకరు మీటలు పట్టుకుని నిలబడే ఉంటారు. డ్రోన్ అనే రాయండి. దాని కింద ఆ మీటలు పట్టుకునేవారి పేరు, ఫోను నంబరు వేయండి.