పేగుల్లోనూ పేస్‌మేకర్ ఉందట... దాని మీదే చదువుతానంటోంది!

ప్రశ్న: మాది కరీంనగర్. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. గుండెకు ఉన్నట్టే కడుపుకీ, పేగులకీ కదలికల లయని నడిపించే పేస్‌మేకర్ కణాలుంటాయని వాళ్ల జువాలజీ సార్ చెప్పారట. అప్పట్నుంచి వాటి మీదే చదువుతానంటోంది. వాళ్ల నాన్నేమో నీట్‌లో సీటు రాకపోతే లాంగ్ టర్మ్‌కి పంపుదామంటున్నారు. ఎంబీబీఎస్ లేకుండా ఇలాంటి చదువు ఉంటుందా? – ఒక తల్లి

జవాబు: ఉంటుందమ్మా. అసలు ఈ కణాల గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ల్యాబుల్లో కూర్చుని పనిచేసినవాళ్లు బయటపెట్టిందే.

సార్ చెప్పింది నిజమే. స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ 19వ శతాబ్దం చివర్లోనే వీటిని మైక్రోస్కోపు కింద చూశారు. ఆయన పేరుతోనే వీటిని కహాల్ కణాలంటారు, ల్యాబుల్లో ఐసీసీ అంటారు. ఆయన ఇవీ ఒకరకం నాడీకణాలే అనుకున్నారు. 1906లో నోబెల్ అందుకున్న మనిషి చూసిపెట్టినా, ఇవి చేసే పని రుజువు కావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. కిట్ అనే జన్యువులో లోపమున్న ఎలుకల చిన్నపేగులో, చుట్టూ ఉండే వలయ కండరాలకీ, పొడవునా ఉండే ఆయత కండరాలకీ మధ్య ఉండాల్సిన ఈ కణాలు సరిగా ఏర్పడలేదు. వాటితోపాటే అక్కడ లయగా రావాల్సిన విద్యుత్ తరంగాలూ పోయాయి. ఆ ఫలితం 1995లో అచ్చయింది.

మనిషి జీర్ణాశయంలో ఈ తరంగాలు నిమిషానికి సుమారు 3, చిన్నపేగు మొదట్లో 12 దాకా వస్తాయి. తరంగం వచ్చిన ప్రతిసారీ కండరం గట్టిగా ముడుచుకోదు. నరాలు, హార్మోన్లు తోడవ్వాలి. గుండెకి పేస్‌మేకరైన సిరాకర్ణికా కణుపుకీ వీటికీ తేడా ఎక్కడో మీ అమ్మాయిని అడగండి. ఆ ప్రశ్న పట్టుకుని ఎంతసేపు మాట్లాడుతుందో చూస్తే ఆసక్తి ఎంత గట్టిదో మీకే తెలుస్తుంది.

ఈ రంగంలో రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా తనకి తెలియాలి. గోరువెచ్చని లవణ ద్రావణంలో ఆక్సిజన్ బుడగలు వదులుతూ, కుందేలు చిన్నపేగు ముక్కని దారంతో కట్టి వేలాడదీస్తారు. మెదడుతో సంబంధం తెగిపోయింది, రక్తప్రసరణ లేదు. అయినా ఆ ముక్క తనంతట తానే ముడుచుకుంటుంది, వదులవుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. పక్కన తెరమీద గీత అలలా లేచి పడుతుంటుంది. ఒక మందు చుక్క వేసి ఆ అల ఎలా మారిందో గంటల తరబడి చూడాలి. ఒక్కోసారి ఏమీ మారదు. మర్నాడు మళ్లీ మొదలు. అది విసుగనిపించకపోతే ఈ దారి తనదే.

ఇవన్నీ ఎవరికి ఉపయోగం అని వాళ్ల నాన్నగారు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఏళ్ల తరబడి షుగర్ ఉన్న కొందరిలో తిన్నది కడుపులోంచి గంటలు గడిచినా కదలదు. అలాంటి చాలామంది జీర్ణాశయంలో ఈ కణాలు తగ్గిపోయి కనిపించాయి. జిస్ట్ అనే కణితి పుట్టేది కూడా ఈ కణాల జాతి నుంచే. అందులో కిట్ జన్యువు దెబ్బతిన్నదని 1998లో తేలింది. 2002కల్లా అమెరికాలో ఆ కణితికి ఇమాటినిబ్ మాత్రకు అనుమతి వచ్చింది. నాలుగేళ్లలో ల్యాబు మాట రోగి చేతిలో మాత్రైంది!

ఇక దారులు. రోగులతో మాట్లాడటం ఇష్టమైతే నాన్నగారి మాటే సరి: ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ 3, గ్యాస్ట్రోఎంటరాలజీలో డీఎం 3. పదకొండేళ్లు దాటుతుంది, ప్రతి మెట్టు దగ్గరా ఒక ఎంట్రన్స్. కణాలే ఇష్టమైతే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలైన ఐసర్లు చూడండి, మనకు దగ్గర్లో తిరుపతిలో ఉంది. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, ఆ తర్వాత పీహెచ్‌డీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఇంటిగ్రేటెడ్ కోర్సులకు సీయూఈటీ అనే ఎంట్రన్స్ రాయాలి. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. అప్పటిదాకా ఇంటి ఖర్చు మీదే, ఆ లెక్క ముందే వేసుకోండి. పొట్టమీద ఎలక్ట్రోడ్లు పెట్టి ఈ తరంగాలను రికార్డు చేసే పరికరాల వైపు మనసుంటే బయోమెడికల్ ఇంజినీరింగ్ ఉంది, కాకపోతే లెక్కలు తప్పవు.

లాంగ్ టర్మ్ వద్దని నేననను. తనకి డాక్టర్ అవ్వాలనుంటేనే పంపండి. ఇష్టం లేకుండా ఏడాదంతా హాస్టల్లో కూర్చుని, చివరికి చదువంటేనే టెన్షన్ పట్టుకున్న పిల్లలు నా దగ్గరికి చాలామంది వచ్చారు.

ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్టులో 60 ప్రశ్నలు: బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఒక్కోదాంట్లో 15. బైపీసీ పిల్లలు భయపడేది ఆ చివరి 15కే. లాంగ్ టర్మ్ ఫీజు కట్టేముందు ఒక ఆదివారం పాత పేపరు తీసి, మూడు గంటలు గడియారం పెట్టి రాయించండి. మ్యాథ్స్‌లో ఎన్ని వదిలేసిందో చూసి నాకు మళ్లీ రాయండి.