పిట్టగూడు చూసి వల ఆపిన చోటు నుంచి మొదలుపెట్టు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఎంత కష్టపడ్డావో తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పేజీలోనే 'సమగ్ర జీవావరణ ఆధారిత సముద్ర నిర్వహణ' అన్న మాట ఆరుసార్లు వచ్చింది. ఆ పేజీలో నాకు సముద్రం మాత్రం ఎక్కడా కనిపించలేదు. మాట మంచిదే. ఒక చేప లెక్క ఒక్కటే చూడకుండా, అది తినేదాన్నీ, దాన్ని తినేదాన్నీ, దాని మీద బతికే మనుషుల్నీ కలిపి చూడమంటుంది. మీటింగుల్లో దీనికి అందరూ సరేనంటారు. అమలు దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు ఏదో ఒకటి వదులుకోవాలి. ఎవరు వదులుకున్నారు, దేన్ని చూసి వదులుకున్నారు? నువ్వు రాయాల్సింది అదే.

స్కాట్లండ్ తూర్పు తీరం సంగతి చూడు. అక్కడ ఇసుక అడుగున శాండ్ ఈల్ అనే సన్నటి చేప ఉంటుంది. చాలావరకు జానెడు కూడా ఉండదు, వెండిలా మెరుస్తుంది, బెదిరితే ఇసుకలోకి దూరిపోతుంది. దాన్ని పొడి చేయడానికీ, నూనె తీయడానికీ ట్రాలర్లు, అంటే వల ఈడ్చుకెళ్లే పెద్ద పడవలు, టన్నులకొద్దీ పట్టేవి. కిట్టివేక్ అనే సముద్రపు పిట్ట తన పిల్లల్ని సాకేదీ ఆ చేపతోనే. పఫిన్ అనే మరో సముద్రపు పిట్టలాగా అది లోతుకు మునగలేదు. నీటి పైన అందిందే దాని తిండి. అందుకే చేప తగ్గితే ముందు పస్తులుండేది కిట్టివేక్ పిల్లే. 1990లలో గూళ్లు ఖాళీ అవుతుంటే శాస్త్రవేత్తలు ఒక గీత గీశారు. వరసగా మూడేళ్లు జతకు సగటున సగం పిల్లయినా ఎదగకపోతే వేట ఆపాలి. ఆ సగటు 0.7 దాటి మూడేళ్లు నిలిస్తేనే మళ్లీ తెరవాలి. 2000లో అక్కడ వేట ఆగింది.

ఒక్కసారి ఊహించు. కొండ అంచున చలిలో కూర్చుని ఒకరు గూళ్లు లెక్కపెడుతున్నారు. దూరంగా నీళ్ల మీద ఇంకొకరు వల దించబోతున్నారు. ఈ నోట్‌బుక్‌లో పడే అంకె ఆ వలను ఆపుతుంది! నీ ఆరు మాటల బదులు ఈ ఇద్దరినీ చూపించు, చాలు.

అయితే కథ అక్కడే ముగిసిందని రాయకు. వేట ఆగాక పిట్టలు కొంత కోలుకున్నాయి గానీ సముద్రం వేడెక్కుతోంది. శాండ్ ఈల్‌కు తిండి అయిన ప్లవకాలే, అంటే నీళ్లలో తేలే చిన్న చిన్న జీవులే, మారిపోతున్నాయి. వలను ఆపగలిగిన నియమం వేడిని ఆపలేదు. ఈ ఇబ్బందిని దాచకుండా రాస్తేనే పాఠకుడు నిన్ను నమ్ముతాడు.

ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బలదీ ఇదే చిక్కు. 2004లో అక్కడ వేట పూర్తిగా నిషేధించిన భాగాన్ని 5 శాతం లోపు నుంచి 33 శాతానికి పెంచారు. ఒక్క పగడాలనే కాకుండా, 70 రకాల ఆవాస ప్రాంతాలను గుర్తించి ఒక్కో దానిలో కనీసం 20 శాతాన్ని కాపాడారు. గొప్ప పని, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ పొలాల మీంచి నదులు మోసుకొచ్చే మట్టికీ, ఎరువులకీ ఆ నిషేధపు హద్దులు అడ్డు కావు. కాబట్టి సముద్రం గురించి రాసేవాళ్లు నది ఎగువకు కూడా నడవాలి.

ఇక నీ మూడో పేజీ. 'స్థానిక మత్స్యకారులు వ్యతిరేకించారు' అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లిపోయావు. అది చదివి నాకు బాధేసింది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో 1980లలో ఒడ్డుకు దగ్గరగా చిన్న పడవల మీద వేటాడేవాళ్లు, కాడ్ చేప తగ్గుతోంది, చిన్నదైపోతోంది అని మొత్తుకున్నారు. అధికారిక అంచనాలు మాత్రం పెద్ద ట్రాలర్లకు దండిగా పడుతున్న చేపను చూసి ధైర్యంగా ఉన్నాయి. మిగిలిన చేపంతా ఒకచోట గుమిగూడితే, ట్రాలర్లు వెతుక్కుంటూ అక్కడికే వెళ్తే, వల నిండుగానే వస్తుంది మరి. 1992 జులై 2న వేట నిషేధించారు. దాదాపు 30 వేల మంది బతుకుతెరువు పోయింది. ఆ నిషేధం ఎత్తేసింది 2024లో. కాడ్‌నే కాదు, కాడ్‌కు తిండి అయిన కేపెలిన్ చేపనూ ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నారు.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నాకూ పడవలవాళ్ల మాట కన్నా రిపోర్టులోని పట్టికే గట్టిదనిపించేది. ఆ రోజుల్లో వినకుండా వదిలేసిన మాటలు ఇప్పుడు ఎంత కావాలన్నా దొరకవు.

అందుకని ఆ వాక్యం దగ్గరికి మళ్లీ వెళ్లు. వ్యతిరేకించినవాళ్లలో ఒక్కరినైనా కలువు. ఏ నెలలో ఏ వల వేస్తారు, వేట ఆపిన నెలల్లో ఇల్లు ఎలా గడుస్తుంది, ముందుగా తమను ఎవరైనా అడిగారా, అడిగి ఉంటే ఎక్కడ ఆపమనేవాళ్లు... ఇవన్నీ అడుగు. వాళ్ల మాటల్లోనే రాసుకో. మిగతా వ్యాసం తర్వాత చూద్దాం, ముందు ఆ పేజీ రాసి పంపు.

ఆశీస్సులతో.