సంక్రాంతికి పెట్టు, మే నెల వద్దు

అమ్మాయీ,

మొన్న బస్టాండు దగ్గర నీ క్లాస్‌మేటు కనబడ్డాడు. మీ సారు పేరు మీద మన హైస్కూలు గ్రౌండులో టెన్ కే రన్ పెడుతున్నారనీ, అంతా నువ్వే హైదరాబాదు నుంచి చూసుకుంటున్నావనీ చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన పోయి ఇన్నేళ్లయినా మీరు మర్చిపోలేదు కదా అని సంతోషం. అంతలోనే వాడు చెప్పిన నెల గుర్తొచ్చింది. మే నెలేమిటి నీ మొహం! రెంటచింతల పక్కన పుట్టిన పిల్లవి, ఎండ సంగతి నీకు నేను చెప్పాలా?

సెలవులకి అందరూ ఊళ్లో ఉంటారని మే అనుకున్నారట. సంక్రాంతికి ఉండరా? భోగికి రెండు రోజుల ముందు పెట్టండి, గారెలూ కోడికూరా ఇంకా ఒంట్లో పడకముందే. పొద్దున ఆరున్నరకి మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించండి.

హెడ్మాస్టరు గారికి ఉత్తరం, పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం, మంచినీళ్లు, మజ్జిగ. ఇవి నీకు తెలుసు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకి ఒకటి. గ్లాసు నీళ్లలో కలిపి తాగించకండి. టీషర్టులు మీ ఇష్టం. ఫ్లెక్సీ మాత్రం వద్దు. ఆయనకి తన ఫొటో అంటేనే చిరాకు.

టెన్ కే అంటున్నారు గానీ, మన గ్రౌండు చుట్టు 200 మీటర్లు. యాభై చుట్లు! పరిగెత్తేవాళ్ల మాట అటుంచు, లెక్కపెట్టేవాడికి కళ్లు తిరుగుతాయి. లారీలు తిరిగే రోడ్డు మీదికి మాత్రం పోవద్దు. పెద్దవాళ్లకి మూడు కిలోమీటర్లు, అంటే పదిహేను చుట్లు చాలు. పధ్నాలుగేళ్ల లోపు పిల్లలకి స్కూల్ గేమ్స్‌లోనే 600 మీటర్లకి మించి పెట్టరు, మీరూ మించొద్దు.

ట్రాక్ మాత్రం ఎవడో కుర్రాడి చేత అడుగులు వేయించి గీయకండి. అటూ ఇటూ యాభై మీటర్ల తిన్నని గీతలు, రెండు చివర్లా అర్ధచంద్రాలు. మేకు కొట్టి 15 మీటర్ల 72 సెంటీమీటర్ల తాడుతో తిప్పాలి. ఈ లెక్క నాకు నేర్పింది మీ సారే. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. వచ్చిన మొదటి ఏడాదే నేను పోసిన సున్నం గీత చూసి నవ్వాడు. "గీత మీద ఎవరు పరిగెత్తుతారు మాస్టారూ? పక్కన 20 సెంటీమీటర్లు వదిలి కొలవాలి. మీ లెక్కలో చుట్టుకి మీటరుంపావు ఎక్కువ. 800 మీటర్ల పరుగుకి ఐదు మీటర్లు. పిల్ల దగ్గర సెకను దొంగిలించినట్టే" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు నేను. మూడో రోజు తాడు పట్టుకుని నేనే వెళ్లాను.

ఇప్పుడు నీకు ఇన్నాళ్లూ చెప్పని మాట ఒకటి చెప్పాలి.

2011 డిసెంబరు, ఆ మీట్ రోజు. మీ 800 ఫైనల్‌కి కాసేపు ముందు ఆయన నా దగ్గరికొచ్చి, "దవడ లాగుతోంది మాస్టారూ, ఎడం చెయ్యి బరువుగా ఉంది" అన్నాడు. చలిగాలి కొడుతోంది, ఆయన చొక్కా మాత్రం తడిసిపోయింది. "రాత్రి మిరపకాయ బజ్జీలు లాగించావుగా, గ్యాసు" అన్నాను నేను. గోలీసోడా తెప్పించాను. సగం తాగి నవ్వి, వాచీ తీసుకుని ఫినిష్ లైన్ దగ్గరికి వెళ్లాడు. నీ రేసు అయ్యాక వచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాడు. ముఖం పాలిపోయింది. 108 వచ్చి అప్పటికే ఆరేళ్లు. జేబులో ఫోనుంది. చెయ్యలేదు. ఎందుకో తెలుసా? పదకొండింటికి అధికారులు బహుమతులివ్వడానికి వస్తున్నారు, గ్రౌండులోకి అంబులెన్సు వస్తే గోలవుతుందని. సిగ్గేస్తోంది రాయడానికి. ఒక కుర్రాణ్ని బండి మీద గ్యాసు మాత్రలకి పంపాను.

వాడు తిరిగొచ్చేలోపే ఆయన పక్కకి ఒరిగిపోయాడు. ఫిట్స్ అనుకుని ఎవరో చేతిలో తాళాలగుత్తి పెట్టారు. నీళ్లు చల్లాం, కండువాతో విసిరాం. గుండె మీద నొక్కాలని అంతమందిలో ఒక్కరికీ తెలియదు. ముప్ఫై ఏళ్లు పీఈటీగా చేసిన నాకూ తెలియదు. ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లాం. నలభై మూడేళ్లు ఆయనకి.

అంతా హఠాత్తుగా జరిగిపోయిందని మీ అందరికీ చెప్పింది నేనే. హఠాత్తు కాదమ్మా. ముప్పావుగంట టైముంది.

అందుకే నాకు పిల్లల భయం కంటే మీ పాత బ్యాచ్‌ల భయం ఎక్కువ. నలభై దాటినవాళ్లు, బొజ్జలొచ్చినవాళ్లు, బీపీ షుగర్ మాత్రలు మింగేవాళ్లు సారు మీద ప్రేమతో ఆ ఒక్క పూట పందెం వేసుకుంటారు. వాళ్లందరి చేతా ముందు డాక్టరుకి చూపించుకోమని చెప్పించు. ఛాతీ, దవడ, ఎడం చెయ్యి లాగినా, ఊరికే చెమట పట్టినా అక్కడే ఆపి 108కి ఫోన్. సోడా కాదు. మనిషి పడిపోయి పలక్కపోతే, ఊపిరి సరిగా ఆడకపోతే, వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ మధ్యలో రెండు చేతులతో రెండంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అంబులెన్సు వాళ్లు వచ్చేదాకా ఆపకూడదు. ఇది చదివితే రాదు. ముందు రోజు తెలిసినవాళ్లని పిలిపించి వాలంటీర్లందరి చేతా బొమ్మ మీద చేయించు. నేనూ వస్తాను, మోకాళ్లు ఒప్పుకుంటే నేనూ నేర్చుకుంటాను. ఆగిన గుండెకి షాకిచ్చే ఏఈడీ మెషీను ఏ ఆసుపత్రైనా ఆ పూటకి ఇస్తుందేమో అడుగు. డబ్బు కావాలంటే నా పెన్షన్‌లోంచి ఇస్తాను, మొహమాటపడకు.

ఇన్ని తిట్టానని బాధపడకు. మీ సారు ఉంటే నన్ను తిట్టేవాడు, మే నెలకి నిన్నూ తిట్టేవాడు. తాడూ, మేకులూ నా దగ్గరే ఉన్నాయి, ముందు రోజు సాయంత్రం తెస్తాను.

ఇంకొకటి. ఆ రోజు బహుమతులివ్వలేదు, కాగితాలేమయ్యాయో తెలియదు, నీ టైము నీకెవరూ చెప్పలేదు. చెట్టు కింద కూర్చుని వాచీ నాకు చూపించాడు. 2 నిమిషాల 38 సెకన్లు. ఆయన కొలిచిన గ్రౌండు మీద.

మీ పాత డ్రిల్లు మాస్టారు